తండ్రి బాకీ

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్లలో మిరప కోతలు మొదలవుతాయి. అప్పటికి పత్తి తీత కూడా పూర్తిగా అయిపోదు. తెల్లారకముందే కూలీలు క్యారేజీలు సర్దుకుని ఆటోలు ఎక్కుతారు. ఒక్కోసారి పెద్దవాళ్ల మధ్యలో పదేళ్ల పిల్లో, పన్నెండేళ్ల పిల్లో కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల బడిలో ఉండాలి. పరీక్షలు దగ్గరపడే రోజులవి.

“పిల్లని బడి మానిపించావా?” అని ఎవరైనా అడిగితే తల్లి ఏమంటుంది?

“ఏం చేసేది వదినా? వాళ్ల నాన్న పోయి రెండేళ్లయింది. చచ్చిపోలా. బతికే ఉన్నాడు. హైదరాబాదులో తాపీ పనంట. పైసా పంపడు. నా ఒక్కదాని కూలితో ఇల్లెట్టా గడిచేది?”

ఇలాంటి తల్లులు చాలా ఊళ్లలో ఉన్నారు. ఒకడు పనికని పోయి తిరిగి రాడు. ఒకడు ఇంకో పెళ్లి చేసుకుంటాడు. ఒకడు ఊళ్లోనే ఉంటాడు, సంపాదించింది తాగుడికే పోస్తాడు. మనిషి ఎక్కడున్నా బిడ్డకు ఒకటే. పలకాబలపం లేదు. చెప్పులు లేవు. జ్వరమొస్తే మందు లేదు.

ఇది ఎవరి బాకీ?

రైతు కమీషను కొట్లో అప్పు తెస్తాడు. పంట చేతికొచ్చినా రాకపోయినా ఆ బాకీ బాకీయే. ఊరు విడిచి పోయినా బాకీ పోదు. కాగితం ఉంటుంది. తేదీ ఉంటుంది. వడ్డీతో సహా అడిగేవాళ్లు ఉంటారు.

బిడ్డను కన్న తండ్రికి కూడా ఒక బాకీ ఉంది. బిడ్డ తిండి, బట్ట, చదువు, వైద్యం చూడటం తల్లిదండ్రులిద్దరి పని. తల్లి తన వంతు చేస్తూనే ఉంది. వండుతుంది, కూలికి పోతుంది, రాత్రి జ్వరం వస్తే మేలుకుని కూర్చుంటుంది. తండ్రి వంతే ఆగిపోయింది. ఆ వంతు బాకీ పడింది.

ఈ బాకీకి కూడా చట్టం ఉంది. దీన్ని మనోవర్తి అంటారు. భరణం అని కూడా అంటారు. మనోవర్తి అడగటం అడుక్కోవటం కాదు. తల్లి తన కోసం చెయ్యి చాచటమూ కాదు. బిడ్డకు రావలసింది బిడ్డ తరఫున అడగటం.

చట్టం ఏమంటుంది?

1973లో చేసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను ఉండేది. తనను తాను పోషించుకోలేని భార్యను, బిడ్డలను, తల్లిదండ్రులను పోషించే స్తోమతు ఉండి కూడా వదిలేసినవాడి చేత కోర్టు నెలనెలా డబ్బు ఇప్పించవచ్చు అని అది చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడు అదే హక్కు 144వ సెక్షనులో ఉంది. నంబరు మారింది. హక్కు మారలేదు.

పాత రోజుల్లో ఒక చిక్కు ఉండేది. ఎంత ఖర్చున్నా నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించకూడదని హద్దు ఉండేది. 2001లో ఆ హద్దు తీసేశారు. ఇప్పుడు తండ్రి సంపాదన, బిడ్డ అవసరం చూసి కోర్టు మొత్తం నిర్ణయిస్తుంది.

ఈ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీలు కూడా దీని కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లినదే.

పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు కూడా తండ్రి మనోవర్తి ఇవ్వాలి. తప్పు పెద్దలదైనా ఆకలి బిడ్డదే కదా.

ఎన్నాళ్లు ఇవ్వాలి? బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా. అంగవైకల్యం వల్లో, మనోవైకల్యం వల్లో తనను తాను పోషించుకోలేని బిడ్డకు ఆ తరువాత కూడా ఇవ్వాలి. హిందువుల్లో పెళ్లికాని కూతురికి సొంత ఆధారం లేకపోతే 18 దాటాక కూడా తండ్రిని అడిగే హక్కు ఉంది. అది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఇచ్చిన హక్కు.

ఊళ్లో అనే మాటలు, చట్టం చెప్పే మాట

మనోవర్తి అడుగుతానంటే ఊళ్లో పది మంది పది మాటలు అంటారు. ఆ మాటలు విని చాలామంది తల్లులు వెనక్కి తగ్గుతారు. ఒక్కో మాట తీసుకుని చూద్దాం.

“వాడే కూలివాడు. వాడి దగ్గర ఏముందని ఇస్తాడు?”

ఒళ్లు బాగున్న మనిషి కాయకష్టం చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి లేదు అన్న మాటతో తప్పించుకోవడానికి లేదు. కూలివాడు కూలివాడికి తగ్గట్టు ఇస్తాడు. అంతేగానీ అసలు ఇవ్వనంటే కుదరదు.

“నువ్వు కూలికి పోతున్నావు కదమ్మా. నీకెందుకిస్తారు?”

భార్య కొద్దో గొప్పో సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి పోదు. ఆ సంపాదన బతకడానికి చాలుతుందా లేదా అన్నదే చూడాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. పత్తి తీసిన కూలి పంట ఉన్నన్నాళ్లే వస్తుంది. బిడ్డ ఆకలి పన్నెండు నెలలూ ఉంటుంది. పైగా తల్లికి రావలసింది వేరు, బిడ్డకు రావలసింది వేరు.

“నువ్వే పుట్టింటికి వచ్చేశావు. ఇంక నీకు హక్కేముంది?”

సరైన కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు కోర్టు మనోవర్తి కాదనవచ్చు. కానీ భర్త ఇంకో పెళ్లి చేసుకున్నా, ఇంకో ఆమెను ఉంచుకున్నా అది సరైన కారణమే. ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. మొగుడూ పెళ్లాల తగాదాలో తప్పు ఎవరిదైనా బిడ్డ హక్కు పోదు.

“పెద్దమనుషుల్లో తేల్చేసుకున్నారుగా. కాగితం మీద వేలిముద్ర వేశావుగా.”

కొన్ని ఊళ్లలో పంచాయితీ పెట్టి ఏదో కొంత డబ్బు ఒక్కసారే ఇప్పిస్తారు. ‘ఇంక బిడ్డకు కూడా ఏమీ అడగను’ అని తల్లి చేత రాయిస్తారు. తల్లి తన హక్కు వదులుకోవచ్చుగానీ బిడ్డల హక్కు వదులుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ కాగితం బిడ్డకు అడ్డం కాదు. అయినా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చెయ్యకూడదు. చదువు వచ్చింది అందుకే.

“వాడు హైదరాబాదులో ఉన్నాడు. అక్కడి కోర్టుకు ఎవరు తిరుగుతారు?”

అక్కడికి పోనక్కర్లేదు. తల్లి ఇప్పుడు ఏ జిల్లాలో ఉంటుందో అక్కడే అర్జీ పెట్టవచ్చు. నోటీసు అందుకుని రావలసింది అతను.

తేదీ చాలా ముఖ్యం

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నెమ్మదిగా చదవండి.

అర్జీ పెట్టిన తేదీ నుంచి మనోవర్తి లెక్క కట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఏమిటి? లెక్క వేసి చూద్దాం.

ఒక తల్లి జూన్ నెలలో అర్జీ పెట్టింది అనుకుందాం. కోర్టు తీర్పు వచ్చేసరికి ఏడాది పట్టింది. బిడ్డకు నెలకు 3,000 రూపాయలు ఇవ్వాలని తీర్పు చెప్పారు. అప్పుడు గడిచిన 12 నెలలకూ డబ్బు రావాలి. 12 నెలలు, నెలకు 3,000. మొత్తం 36,000 రూపాయలు. మధ్యలో ఏమైనా ఇచ్చి ఉంటే అది తీసేస్తారు.

ఇంకో తల్లి ‘ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు’ అని రెండేళ్లు చూసింది. ఆ తరువాత అర్జీ పెట్టింది. ఆ రెండేళ్ల డబ్బు ఈ లెక్కలోకి రాదు.

ఇంకో తేదీ కూడా ఉంది. తీర్పు వచ్చాక అతను డబ్బు కట్టకపోతే మళ్లీ కోర్టుకు చెప్పాలి. కట్టవలసిన రోజు నుంచి ఏడాది లోపల చెప్పాలి. ఏడాది దాటితే ఆ నెల డబ్బు కోసం వారంటు తెప్పించడం కష్టం. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఏ నెల డబ్బు వచ్చింది, ఏ నెల రాలేదు, ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, అన్నీ రాసుకోవాలి. బ్యాంకు ఖాతాలో వేయించుకుంటే ఇంకా మంచిది. నోటిమాట గాలికి పోతుంది. రాసిన మాట నిలుస్తుంది.

అర్జీ ఎలా పెట్టాలి?

వకీలును పెట్టుకోవడానికి డబ్బు లేదని భయపడనక్కర్లేదు. న్యాయ సేవల చట్టం 1987లో వచ్చింది. 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు.

గుంటూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టుల దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. నరసరావుపేట, మార్కాపురం వంటి కోర్టులున్న పట్టణాల్లో కూడా న్యాయ సేవల కమిటీలు ఉన్నాయి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

అర్జీ ఇలా రాయవచ్చు.

*కార్యదర్శి గారికి,*
*జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, .................*

*అయ్యా / అమ్మా,*
*నా పేరు ................. మా ఊరు ................. మండలం .................*
*నా భర్త పేరు ................. మాకు ......... మంది పిల్లలు. వారి వయసు ......... ఏళ్లు.*
*నా భర్త ......... నెల ......... సంవత్సరం నుంచి మమ్మల్ని పట్టించుకోవడం లేదు. డబ్బు పంపడం లేదు.*
*అతను ఇప్పుడు ................. లో ................. పని చేస్తున్నాడు.*
*నాకూ నా పిల్లలకూ మనోవర్తి ఇప్పించడానికి వకీలును ఇవ్వమని కోరుతున్నాను.*
*తేదీ .................                సంతకం .................*

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లాలి. ఒకటి వాళ్లకు ఇవ్వాలి. రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోవాలి.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది వకీలు కోసం పెట్టే అర్జీ. మనోవర్తి లెక్క మొదలయ్యేది వకీలు కోర్టులో అర్జీ వేసిన తేదీ నుంచి. అందుకే వకీలును ఇచ్చాక ‘కోర్టులో ఏ తేదీన వేశారు?’ అని అడిగి రాసుకోవాలి.

ఏమేమి తీసుకుపోవాలి?

పెళ్లికి రుజువు: శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు వంటివి. ఏది ఉంటే అది.

పిల్లల జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్టు.

భర్త చిరునామా, ఫోను నంబరు, పని చేసే చోటు, మేస్త్రీ పేరు.

భర్త పేరున పొలం, ఇల్లు, బండి ఉంటే ఆ వివరాలు.

నెలకు బిడ్డ ఖర్చు ఎంత అన్న లెక్క. బియ్యం, పాలు, బట్టలు, పుస్తకాలు, మందులు. ఈ లెక్క తల్లే తన చేత్తో రాసుకోవాలి.

కోర్టులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, ఖర్చు ప్రమాణం చేసి రాసి ఇవ్వాలి. కాబట్టి తల్లి కూడా తన కూలి డబ్బు దాచిపెట్టకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కేసు నడిచేటప్పుడు కూడా బిడ్డ తినాలి కదా. అందుకే తీర్పు వచ్చేలోగా మధ్యంతర మనోవర్తి అడగవచ్చు. భర్తకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దానిని తేల్చాలని చట్టం చెబుతుంది.

తీర్పు వచ్చినా కట్టకపోతే?

కట్టని డబ్బు కోసం కోర్టు వారంటు ఇస్తుంది. ఆస్తిని జప్తు చేయవచ్చు. అప్పటికీ కట్టకపోతే ఒక నెల దాకా జైల్లో పెట్టవచ్చు. జైలుకు పోయి వస్తే బాకీ తీరినట్టేనా? కాదు. జైలు కట్టించడానికే గానీ బాకీ కొట్టేయడానికి కాదని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే దారి సాఫీగా ఉంటుందని అనుకోకూడదు. వాయిదాలు పడతాయి. వాయిదా రోజు కూలి పోతుంది. మనిషి చిరునామా మారుస్తాడు. వచ్చే డబ్బు అనుకున్నదానికన్నా తక్కువ కావచ్చు. ఇవన్నీ ముందే తెలిసి ఉంటే మధ్యలో మానబుద్ధి కాదు. తోడుగా పొదుపు సంఘంలో ఒకరిద్దరు వాయిదాకు వెళితే ధైర్యంగా ఉంటుంది. కొట్టినా, బెదిరించినా 112కు గానీ, ఆడవాళ్ల సాయం నంబరు 181కి గానీ ఫోను చెయ్యాలి.

బిడ్డ బడి ఆగకూడదు

కోర్టు డబ్బు వచ్చేదాకా బడి ఆపితే, డబ్బు వచ్చేసరికి బిడ్డ వయసు దాటిపోతుంది. అందుకని ఈ పనులు కూడా చూసుకోవాలి.

ఆరో తరగతి నుంచి ఆడపిల్లల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకోవచ్చు. బడి మానేసిన పిల్లల్ని కూడా చేర్చుకుంటారు.

మిషన్ వాత్సల్య అనే పథకంలో, వదిలేయబడిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం అడగవచ్చని 2022లో నియమం పెట్టారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు. అడిగిన అందరికీ వస్తుందని కాదు. కమిటీ చూసి నిర్ణయిస్తుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. అంగన్‌వాడీ టీచరు దారి చెబుతుంది.

“తండ్రి సంతకం కావాలి” అని ఎక్కడైనా అంటే? బిడ్డను తండ్రి పట్టించుకోనప్పుడు తల్లి సంరక్షకురాలిగా ఉండవచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మర్యాదగా చెప్పాలి. వినకపోతే అదే మాట కాగితం మీద రాసి ఇవ్వాలి.

బిడ్డతో ఏం చెప్పాలి?

“నాన్న ఎప్పుడొస్తాడు?” అని బిడ్డ అడుగుతుంది. “పండగకి వస్తాడులే” అని అబద్ధం చెబితే బిడ్డ ప్రతి పండగకీ గుమ్మం వైపు చూస్తుంది. “మీ నాన్న దొంగ నాయాలు” అని తిడితే బిడ్డ లోపల కుమిలిపోతుంది. ఆ రక్తం తనలోనూ ఉందని దానికి తెలుసు. ఉన్న మాట చిన్నగా చెప్పాలి. “ఎప్పుడొస్తాడో నాకు తెలియదు. ఆయన పోవడం నీ తప్పు కాదు. నేనున్నాను.” ఇంతే చాలు.

డబ్బు అడగడానికి బిడ్డను తండ్రి దగ్గరికి పంపకూడదు. అడగవలసింది పెద్దవాళ్లు. ఏడాదికొకసారి కొత్త గౌను తెచ్చి ముద్దు చేసి పోయినంత మాత్రాన తండ్రి బాకీ తీరదు. అలాగని డబ్బు ఇవ్వలేదని బిడ్డను చూడనివ్వకపోవడమూ సరికాదు. కొట్టేవాడు, తాగి వచ్చేవాడు అయితే వేరు. చూడటం ఒక సంగతి, పోషించటం ఒక సంగతి. రెండూ కలిపి బేరం పెట్టకూడదు.

పక్క జిల్లా ఆడవాళ్లు

ఇంటి సంగతి వీధిలో పెట్టకూడదని అంటారు. ప్రకాశం పక్కనే నెల్లూరు జిల్లా. అక్కడ దూబగుంట అనే ఊళ్లో 1990 తరువాత ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. వాళ్లు చదివిన పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడు వల్ల చితికిన ఇల్లాలి కథ అది. చదివినవాళ్లు ‘ఇది మన కథే కదా’ అనుకున్నారు. దూబగుంట రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది.

ప్రతి ఇంట్లో ఎవరికి వారు ఏడుస్తున్నంత కాలం అది ఇంటి గొడవగానే ఉంది. కలిసి చదివి, కలిసి మాట్లాడుకున్నాక అది అందరి సంగతి అయింది. తండ్రి బాకీ కూడా అలాంటిదే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మన ఊళ్లో తండ్రి పట్టించుకోని పిల్లలు ఎంతమంది? వాళ్లలో బడి మానేసినవారు ఎవరు?

2. మనోవర్తి అడగటానికి ఆ తల్లులకు అడ్డం వస్తున్నది ఏమిటి? భయమా, సిగ్గా, దారి తెలియకపోవడమా?

3. పెద్దమనుషుల పంచాయితీలో బిడ్డ తరఫున ఎవరు మాట్లాడుతున్నారు?

4. మీ కొడుకే భార్యాబిడ్డల్ని వదిలేస్తే మీరు ఎవరి పక్కన నిలబడతారు?

రాయండి

మీ నోటుబుక్కులో ఒక బిడ్డకు నెలకు అయ్యే ఖర్చు లెక్క రాయండి. పైన ఆ రోజు తేదీ వెయ్యండి.